విత్తనం ఫ్రీజర్‌లో ఉంటే చాలా? పంటల వైవిధ్యం ఎలా నిలుస్తుంది

1948లో జాక్ హార్లన్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త తూర్పు టర్కీ నుంచి కొద్దిగా గోధుమ విత్తనం సేకరించాడు. చూడటానికి ఏమాత్రం బాగుండని రకం అది. సన్నటి కాడతో ఎత్తుగా పెరిగి పడిపోతుంది. ఆకులకు తుప్పు తెగులు ఇట్టే తగులుతుంది. చలికి ఆగదు. పిండితో రొట్టె సరిగా రాదు. దానికి పీఐ 178383 అని నంబరు వేసి దాచారు. సుమారు పదిహేనేళ్ల పాటు దాని జోలికి ఎవరూ పోలేదు. 1960లలో అమెరికా వాయవ్య రాష్ట్రాల గోధుమ మీద పసుపు తుప్పు తెగులు విరుచుకుపడింది. దాచి ఉంచిన నమూనాలను వరసగా పరీక్షిస్తే, ఎందుకూ పనికిరాదనుకున్న ఈ గోధుమే పసుపు తుప్పు శిలీంధ్రం నాలుగు రూపాలను తట్టుకుంది. కాటుక తెగులు కలిగించే శిలీంధ్రాల్లోనూ పదుల కొద్దీ రూపాలను తట్టుకుంటుందని తేలింది. తర్వాత ఆ ప్రాంతంలో కొత్త గోధుమ రకాలను తయారుచేసిన వాళ్లంతా దాన్ని వాడుకున్నారు.

దాచిన రోజున ఆ విత్తనం విలువ ఎవరికీ తెలియదు, తెచ్చిన హార్లన్‌కు కూడా. ఏది అక్కరకొస్తుందో ముందే తెలిస్తే దాన్నొక్కదాన్నే ఉంచుకుని మిగతావి వదిలేయొచ్చు. రేపు వచ్చే తెగులు ఏదో, వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియదు కాబట్టే వీలైనన్ని కాపాడుకోవాల్సి వస్తోంది. మరి కాపాడటం అంటే చల్లటి గదిలో పెట్టి తాళం వేయడమా, రైతు ఏటేటా విత్తుతూ పోవడమా? ఈ వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. ఒక పక్క శాస్త్రవేత్తలు, మరో పక్క సంప్రదాయ వ్యవసాయం కోసం పనిచేసేవాళ్లు. నా ఉద్దేశంలో ఇది తేల్చాల్సిన వాదన కాదు. ఫ్రీజర్ చేసే పని పొలం చేయలేదు, పొలం చేసే పని ఫ్రీజర్ చేయలేదు. ఆ రెండింటి మధ్య విత్తనం, సమాచారం అటూ ఇటూ కదలకపోవడమే అసలు సమస్య.

వైవిధ్యం ఎక్కడ ఉంటుంది

పంటల వైవిధ్యం అనగానే మనం పంటల పేర్లు లెక్కపెడతాం. అది పైపొర. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం మనుషులు తిండి కోసం సాగుచేసిన మొక్క జాతులు సుమారు 6,000. ప్రపంచ పంట దిగుబడిలో 66 శాతం వాటిలో తొమ్మిదింటి నుంచే వస్తోంది. రెండో పొర, ఒకే పంటలోని రకాలు: ముంపుకు ఆగే వరి, బెట్టకు ఆగే వరి, తక్కువ రోజుల్లో కోతకొచ్చే వరి. మూడో పొర గురించి తక్కువ మాట్లాడతాం గానీ నాకు ముఖ్యంగా కనిపించేది అదే. నాటు రకం వేసిన పొలంలోకి దిగి చూస్తే మొక్కలన్నీ ఒక్కలా ఉండవు. కొన్ని వారం ముందే కంకి వేస్తాయి, కొన్ని నాలుగు వేళ్లు ఎత్తు ఎక్కువ ఉంటాయి, కొన్నింటి గింజ రంగు వేరు. పేరు ఒకటే, లోపల ఉన్నది ఒక గుంపు. వాన ఆలస్యమైన ఏడాది ఆ గుంపులో ఒక భాగం దెబ్బతింటే మరో భాగం నిలబడుతుంది. ల్యాబ్‌లో తీర్చిదిద్దిన ఆధునిక రకంలో ఈ మూడో పొర దాదాపు ఉండదు. మొక్కలన్నీ ఒకే ఎత్తున, ఒకే రోజు కోతకు రావాలనే దాన్ని తయారు చేశారు మరి.

ఇక్కడ ఒక లెక్క గురించి చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దంలో పంటల జన్యు వైవిధ్యంలో 75 శాతం పోయిందని వ్యాసాల్లో, ప్రసంగాల్లో తరచూ వింటుంటాం. దానికి గట్టి కొలత లేదని పరిశోధకులు చాలాసార్లు ఎత్తిచూపారు. రకాల పేర్లు పోవడం, జన్యువులు పోవడం ఒకటి కాదు. ఒక రకం మాయమైనా దాని జన్యువులు పక్క ఊరి రకంలో మిగలొచ్చు. పేర్లు యాభై ఉన్నా లోపలి సరుకు ఒకటే కావొచ్చు. నష్టం నిజం, చాలా చోట్ల చాలా పెద్దది కూడా. దాన్ని చెప్పడానికి అరువు అంకెలు అక్కర్లేదు.

1970, అమెరికా మొక్కజొన్న

పేర్లు వేరైనా లోపల ఒకటే అయితే ఏం జరుగుతుందో చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం తయారు చేయాలంటే రెండు రకాలను పక్కపక్క సాళ్లలో వేస్తారు. ఆడ సాళ్లుగా పెట్టుకున్న మొక్కల మగపూతను పుప్పొడి రాలకముందే పీకేయాలి. లేదంటే అవి తమ పుప్పొడితోనే గింజ కడతాయి, హైబ్రిడ్ రాదు. వేల ఎకరాల్లో మొక్కమొక్కకూ చేతులతో చేయాల్సిన పని. టెక్సాస్‌లో గుర్తించిన ఒక రకానికి అసలు పుప్పొడే రాదు. దాన్ని ఆడ సాళ్లకు వాడుకుంటే పీకే పని, కూలి ఖర్చు తప్పుతాయి. విత్తన కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. పుప్పొడి రాకపోవడానికి కారణం కణాల్లోని మైటోకాండ్రియాలో ఉంది, మైటోకాండ్రియా తల్లి నుంచే పిల్లకు వస్తుంది. అలా 1970 నాటికి అమెరికాలో వేసే మొక్కజొన్నలో సుమారు 85 శాతం ఆ ఒక్క తల్లి వంశానిదే అయింది. బస్తాల మీద పేర్లు వేరు, కంపెనీలు వేరు. రైతు తాను పక్కవాడి కంటే వేరే విత్తనం వేశాననే అనుకున్నాడు.

ఆకుఎండు తెగులు కలిగించే ఒక శిలీంధ్రంలో కొత్త రూపం పుట్టింది. అది విడిచే విషం సరిగ్గా ఆ మైటోకాండ్రియాలోని ప్రోటీన్ మీదే పనిచేస్తుంది. వేరే తల్లి వంశం మొక్కలను అది పెద్దగా ఏమీ చేయలేదు. దక్షిణాన ఫ్లోరిడాలో మొదలై, తడి గాలులతో ఒక్క సీజన్‌లో ఉత్తరాదికి పాకింది. దేశం మొత్తం పంటలో సుమారు 15 శాతం పోయింది. నష్టం వంద కోట్ల డాలర్ల స్థాయిలో ఉంటుందని అంచనా. రెండేళ్ల తర్వాత అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ తమ ప్రధాన పంటలన్నింటినీ పరిశీలించి, వాటిలో చాలావరకు ఇలాగే ఒకే అచ్చులో ఉన్నాయని హెచ్చరించింది.

దీన్ని తరచూ ఐర్లండ్ బంగాళాదుంప కరువుతో పోలుస్తారు. 1845లో అక్కడ మొదలైన మాగుడు తెగులుకు, పేదలు ఎక్కువగా ఆధారపడ్డ లంపర్ అనే ఒకే రకం బలైంది. దుంపతోనే నాటే పంట కాబట్టి మొక్కలన్నీ ఒకదానికొకటి నకళ్లు. దాదాపు పది లక్షల మంది చనిపోయారు. అయితే ఆ చావులకు భూస్వాములు, అప్పటి ప్రభుత్వ విధానాలు కూడా అంతే కారణం. తప్పంతా తెగులు మీదకో ఒక్క దుంప రకం మీదకో నెట్టేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు.

మందు ఎక్కడ దొరుకుతుంది? ఎక్కువసార్లు అడవిలోనో, ఎవరూ పట్టించుకోని నాటు రకంలోనో. 1970లలో ఆసియా వరి పొలాల్లో సుడిదోమ ద్వారా వ్యాపించే ఒక వైరస్ తెగులు మొక్కలను గడ్డి దుబ్బుల్లా గిడసబార్చేసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన దగ్గరున్న 6,000కు పైగా నమూనాలను పరీక్షించింది. తట్టుకున్నది ఒకే ఒక్కటి. ఉత్తరప్రదేశ్‌లో 1963లో సేకరించిన ఒరైజా నివారా అనే అడవి వరి. గింజ సన్నం, కాపు అంతంతమాత్రం, పండగానే రాలిపోతుంది. దానితో ఆ సంస్థ శాస్త్రవేత్త గుర్‌దేవ్ ఖుష్ బృందం సంకరం చేసి తయారుచేసిన రకాల్లో ఐఆర్ 36 ఒకటి. 1980లలో అది కోటి హెక్టార్లకు పైగా సాగైంది.

ఒడిశా నాటు వరి నుంచి వచ్చిన ఎఫ్‌ఆర్ 13ఏ సంగతి ఇంకా ఆసక్తికరం. మామూలు వరి నీట మునిగితే ఎలాగైనా పైకి తేలాలని గబగబా సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే ఖర్చయి, నీరు తీసే సరికి వాడిపోయి పడిపోతుంది. ఈ రకం అలా చేయదు. మునగగానే పెరుగుదల ఆపేసి, ఉన్న శక్తిని పొదుపు చేసుకుంటుంది. రెండు వారాల తర్వాత నీరు తీసినా మళ్లీ ఆకు తొడుగుతుంది. ఈ లక్షణాన్ని నడిపే సబ్ 1ఏ అనే జన్యువును 2006లో గుర్తించారు. దాన్ని మారుటేరులో పుట్టిన స్వర్ణ రకంలోకి ఎక్కించి, స్వర్ణ సబ్ 1 పేరుతో 2009లో మన దేశంలో విడుదల చేశారు. ఎఫ్‌ఆర్ 13ఏ ముంపును తట్టుకుంటుందని కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్లకు అంతకు దశాబ్దాల ముందే తెలుసు. దాని తక్కువ దిగుబడి, ఇతర లోపాలు వెంట రాకుండా ఆ ఒక్క లక్షణాన్ని తేవడానికే అంత కాలం పట్టింది. విత్తనం దాచి ఉండటం మొదటి మెట్టు మాత్రమే.

చల్లటి గదిలో జరిగే పని

విత్తన బ్యాంకు అంటే పెద్ద ఫ్రిజ్ అనుకుంటారు చాలామంది. అసలు కీలకం చలి కంటే ముందు ఆరబెట్టడంలో ఉంది. విత్తనం లోపల జీవక్రియ మందగించాలంటే తేమ తగ్గాలి. అందుకే పొడి గాలి ఆడే చల్లటి గదిలో నెమ్మదిగా ఆరబెట్టి, తేమను 3 నుంచి 7 శాతానికి దింపి, గాలి చొరబడని అల్యూమినియం రేకు ప్యాకెట్లలో సీలు చేసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర పెడతారు. ఒక పరిధి వరకు పనిచేసే మోటు లెక్క ఒకటుంది. తేమ ఒక్క శాతం తగ్గితే విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుంది, ఉష్ణోగ్రత అయిదు డిగ్రీలు తగ్గినా రెట్టింపవుతుంది. తేమను 12 నుంచి 7 శాతానికి తెస్తే 32 రెట్లు. 30 డిగ్రీల గది నుంచి 5 డిగ్రీలకు మారిస్తే మరో 32 రెట్లు. రెండూ కలిస్తే వెయ్యి రెట్లు.

ఇక్కడితో పని అయిపోదు. నిర్ణీత కాలానికోసారి కొన్ని గింజలు తీసి మొలకెత్తించి చూడాలి. మొలక శాతం మొదట్లో ఉన్నదాంట్లో 85 శాతానికి పడిపోతే ఆ నమూనాను పొలంలో పెంచి కొత్త విత్తనం తీయాలి. చూడటానికి మామూలు పని, తప్పు జరిగేది ఇక్కడే. ఒక నాటు రకంలో నూటికి రెండు మొక్కల్లో మాత్రమే తెగులును తట్టుకునే జన్యువు ఉందనుకుందాం. కొత్త విత్తనం తీయడానికి 20 మొక్కలే పెంచితే, వాటిలో అలాంటి మొక్క ఒక్కటి కూడా లేకపోయే అవకాశం మూడింట రెండు వంతులు. 150 మొక్కలు పెంచితే ఆ రిస్క్ నూటికి అయిదుకు తగ్గుతుంది. మొక్కజొన్న, సజ్జ వంటి పంటల్లో పుప్పొడి గాలికి పక్క రకం మీదకు కూడా పోతుంది కాబట్టి కంకులకు సంచులు తొడిగి చేతితో పరాగసంపర్కం చేయాలి. భూమి, నీళ్లు, మనుషులు, డబ్బు కావాలి. బడ్జెట్ తగ్గినప్పుడు ముందుగా వాయిదా పడేది ఈ పనే. అప్పుడు ప్యాకెట్ మీద పేరు అలాగే ఉంటుంది, లోపల గింజ చచ్చిపోయో, వైవిధ్యం చిక్కిపోయో ఉంటుంది. బయటివాళ్లకు ఏమీ తెలియదు.

అన్ని విత్తనాలూ ఇలా దాచడానికి లొంగవు. మామిడి, పనస, కోకో, రబ్బరు, కొబ్బరి గింజలు ఎండితే చనిపోతాయి. అరటికైతే తినే రకాల్లో గింజే ఉండదు. వీటిని తోటలుగా పెంచాలి, లేదా కణజాలాన్ని గాజు గొట్టాల్లో బతికించాలి, లేదా చిగురు కొనను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచాలి. ప్రపంచంలోకెల్లా పెద్ద అరటి సేకరణ అరటి పండని బెల్జియంలో, లూవెన్ నగరంలో ఇలాగే ఉంది.

ఎఫ్‌ఏఓ 2010 నివేదిక నాటికి ప్రపంచంలో సుమారు 1,750 జీన్ బ్యాంకులు (ఇలా పంటల నమూనాలు దాచే సంస్థలు), వాటిలో 74 లక్షల నమూనాలు ఉన్నాయి. పెద్ద అంకెలే. అయితే వాటిలో ఒకదానికొకటి వేరైనవి పాతిక నుంచి ముప్పై శాతమేనని, మిగతావి నకళ్లని అదే నివేదిక అంచనా వేసింది. నకలు ఉండటం మంచిదే, ఒకచోట పోతే మరోచోట ఉంటుంది. చిక్కంతా సమాచారంతో. ఏ ఊళ్లో, ఎలాంటి నేలలో, ఏ కాలంలో వేసే రకమో రాసి పెట్టని నమూనా వేల ప్యాకెట్లలో ఒక ప్యాకెట్‌గా మిగిలిపోతుంది. దేనికోసం వెతకాలో, ఎక్కడ వెతకాలో తెలియకపోతే అది ఉన్నా లేనట్టే.

జీన్ బ్యాంకులకు ఇంకో శత్రువు యుద్ధం. రష్యా వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ కూడబెట్టిన విత్తన సేకరణను, రెండో ప్రపంచ యుద్ధంలో జరిగిన లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో కాపాడుతూ ఆ సంస్థ ఉద్యోగులు కొందరు ఆకలితో చనిపోయారు, చుట్టూ బస్తాల కొద్దీ గింజలున్నా ముట్టలేదు. వావిలోవ్ కూడా 1943లో స్టాలిన్ జైల్లోనే ప్రాణం విడిచాడు. అఫ్గానిస్థాన్‌లో గజ్నీ, జలాలాబాద్ ఇళ్లలో దాచిన విత్తనాలను దోపిడీదారులు డబ్బాల కోసం నేల మీద పారబోశారు. 2002లో వెళ్లి చూసినవాళ్లకు అన్నీ కలగలిసిపోయిన గింజలే మిగిలాయి. కంబోడియా కథ దీనికి భిన్నం. ఖ్మేర్ రూజ్ పాలనలో ఆ దేశపు వరి సాగు ఛిన్నాభిన్నమైంది. అంతకుముందే సేకరించి ఫిలిప్పీన్స్‌లో దాచిన 700కు పైగా కంబోడియా వరి రకాలను 1980లలో మళ్లీ ఆ దేశానికి ఇవ్వగలిగారు.

ఇలాంటి అనుభవాల నుంచే నార్వేలోని స్వాల్‌బార్డ్ భాండాగారం వచ్చింది. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, కొండ లోపల, 2008 ఫిబ్రవరిలో తెరిచారు. 45 లక్షల నమూనాలు పట్టే చోట ఇప్పుడు 13 లక్షలకు పైగా ఉన్నాయి. అది బ్యాంకులకు బ్యాంకు. దాచిన సంస్థ తప్ప ఇంకెవరూ ఆ పెట్టె తెరవకూడదు. సిరియాలో అలెప్పో దగ్గరున్న ఐకార్డా పరిశోధన కేంద్రం యుద్ధం వల్ల అందకుండా పోయినప్పుడు, 2015లో మొదటిసారి ఇక్కడి నుంచి విత్తనం వెనక్కి తీశారు. లెబనాన్‌లో, మొరాకోలో పెంచి, తాజా విత్తనాన్ని మళ్లీ స్వాల్‌బార్డ్‌కు పంపారు. భాండాగారం ఎందుకో చెప్పడానికి ఇది చాలు. అయితే అందరి దృష్టీ ఆ మంచు కొండ ద్వారం మీదే ఉండటం నాకు బాధగా ఉంటుంది. అలెప్పో సేకరణ బతికింది కొండ వల్ల మాత్రమే కాదు. యుద్ధానికి ముందు నుంచీ ప్యాకెట్లు కట్టి పంపుతూ వచ్చిన ఉద్యోగుల వల్ల, తర్వాత లెబనాన్, మొరాకో పొలాల్లో వాటిని వేల సంఖ్యలో పెంచినవాళ్ల వల్ల.

పొలం చేసే పని

ఫ్రీజర్‌లో పెట్టిన రోజునే విత్తనానికి కాలం ఆగిపోతుంది. బయట కాలం ఆగదు. తెగులు మారుతుంది, వాన మారుతుంది. 1976లో నైజర్ దేశపు ఊళ్ల నుంచి సజ్జ విత్తనం సేకరించి దాచారు. 2003లో అవే ఊళ్ల నుంచి మళ్లీ సేకరించారు. రెండింటినీ పక్కపక్కన పెంచి చూస్తే, 2003 విత్తనం నుంచి వచ్చిన మొక్కలు ముందుగా పూతకొచ్చాయి. ముందు పూతతో సంబంధమున్న ఒక జన్యు రూపం ఆ 27 ఏళ్లలో ఎక్కువ మొక్కలకు విస్తరించిందని కూడా తేలింది. మధ్యలో ఆ ప్రాంతాన్ని పట్టి పీడించిన కరువులకు పంట తనను తాను సర్దుకుందన్నమాట. ఎవరూ కొత్త రకం తెచ్చి ఇవ్వలేదు. రైతులు తమ కంకుల్లోంచి విత్తనం తీసి విత్తుతూ పోయారు, కరువు తన వంతు ఏరివేత చేసింది. అది జరగాలంటే పొలంలో మూడో పొర వైవిధ్యం ఉండి తీరాలి. అన్ని మొక్కలూ ఒక్కలా ఉన్నచోట ఏరడానికి ఏమీ ఉండదు.

1976 ప్యాకెట్ లేకపోతే ఈ సంగతి తెలిసేదే కాదు. పొలంలో జరిగిన మార్పును కొలవడానికి ఫ్రీజరే కొలబద్ద అయింది.

పొలంలోని వైవిధ్యం రేపటి కోసం మాత్రమే కాదు, ఈ ఏడాది పంటకే పనికొస్తుంది. చైనాలోని యునాన్‌లో రైతులకు ఇష్టమైన జిగురు వరికి అగ్గితెగులు ఎక్కువ. తెగులును తట్టుకునే హైబ్రిడ్ వరి సాళ్ల గుంపుల మధ్య జిగురు వరిని ఒక్కో సాలు చొప్పున వేయించారు. 1998, 1999లలో వేల ఎకరాల్లో చేసిన ఈ ప్రయోగం ఫలితాలు 2000లో వచ్చాయి. విడిగా వేసినప్పటితో పోలిస్తే జిగురు వరిలో అగ్గితెగులు తీవ్రత 94 శాతం తగ్గింది, దిగుబడి 89 శాతం పెరిగింది. శిలీంధ్రం మందు కొట్టడమే మానేశారు. ఇందులో వింత లేదు. ఒక మొక్క మీద నుంచి లేచిన శిలీంధ్రం బీజం పక్క మొక్క మీద పడితే, ఆ పక్క మొక్క దానికి లొంగనిది. పైగా జిగురు వరి ఎత్తు ఎక్కువ. చుట్టూ పొట్టి వరి ఉండటంతో దానికి గాలి, ఎండ బాగా తగిలి ఆకు తడి త్వరగా ఆరిపోతుంది. తడి లేనిచోట అగ్గితెగులు నిలవదు.

అలాగని సంప్రదాయ వ్యవసాయాన్ని మ్యూజియంలా చూడటం నాకు నచ్చదు. నాటు రకాలన్నీ ఎక్కువ దిగుబడి ఇస్తాయని చెప్పడం అబద్ధం. చాలావాటి దిగుబడి తక్కువే. అప్పు తీర్చాల్సిన రైతు, రేటు పలికే రకం వేసుకుంటే తప్పు పట్టే హక్కు మనకు లేదు. ఐఆర్ 36 లాంటి రకాలు కోట్ల మంది ఆకలి తీర్చాయి. నాటు రకాలను నిలబెట్టుకున్న చోట రైతులకు వాటి అవసరం ఏదో ఒకటి ఉంటుంది: కొండవాలు నేల, నీరు అందని మడి, పశువుల మేతకు పొడవైన గడ్డి, రుచి, మార్కెట్‌లో కాస్త మంచి ధర. ఆ అవసరం పోతే రకం పోతుంది. కాపాడమని ఉపదేశిస్తే మిగలదు.

విత్తనం ఎవరిది

ఇక్కడికొచ్చేసరికి విషయం సైన్స్ నుంచి హక్కుల్లోకి మళ్లుతుంది. తరతరాలుగా రైతులు తయారుచేసిన విత్తనం ఒకప్పుడు మానవాళి ఉమ్మడి సొత్తు. ఎవరైనా తీసుకెళ్లొచ్చు. దానితో తయారైన కొత్త రకం మాత్రం కంపెనీ ఆస్తి. 1992 జీవవైవిధ్య ఒప్పందం జన్యు వనరుల మీద ఆయా దేశాలకే అధికారం అని తేల్చింది. అప్పటి నుంచి దేశాలు తలుపులు బిగించుకోవడంతో సేకరణలు, మార్పిడులు మందగించాయి. ఏ దేశమూ ఒంటరిగా బతకలేని వ్యవహారమిది. మొక్కజొన్న మెక్సికోలో పుట్టింది, సోయా చైనాలో, కాఫీ ఇథియోపియాలో. దాంతో 2001లో ఎఫ్‌ఏఓ ఆధ్వర్యంలో మరో ఒప్పందం కుదిరి 2004లో అమల్లోకి వచ్చింది. 64 రకాల ఆహార, పశుగ్రాస పంటలకు ఒకే నమూనా ఒప్పందపత్రం మీద విత్తనం ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు అది. సోయా, వేరుశనగ, టమాటా ఆ జాబితాలోకి రాలేదు. లాభాల్లో వాటా రైతులకు చేరాలన్న ఆశ మాత్రం పెద్దగా నెరవేరలేదు. అందుకోసం ఆ ఒప్పందం కింద పెట్టిన నిధికి వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వాల విరాళాలే, విత్తనం వాడుకున్న కంపెనీల నుంచి వచ్చింది తక్కువ. ఇప్పుడైతే విత్తనం తీసుకెళ్లాల్సిన పనే లేదు, జన్యు క్రమం కంప్యూటర్‌లో దొరికితే చాలు. దాని మీద వాటా కోసం కాలీ నిధి పేరుతో 2025లో ఒక ఏర్పాటు మొదలైంది. అందులో చెల్లింపులు స్వచ్ఛందం.

విత్తన బ్యాంకు రైతుల తరఫున సాక్ష్యం చెప్పిన సందర్భం కూడా ఉంది. మెక్సికో నుంచి తెచ్చిన పసుపు చిక్కుడు గింజకు ఎనోలా పేరుతో 1999లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. దాంతో మెక్సికో నుంచి అదే రంగు గింజలను ఎగుమతి చేసేవాళ్లు ఇబ్బందుల్లో పడ్డారు. కొలంబియాలోని అంతర్జాతీయ పరిశోధన కేంద్రం తన జీన్ బ్యాంకులో అలాంటి పసుపు గింజలు అంతకుముందే ఉన్నాయని చూపించి పేటెంట్‌ను సవాలు చేసింది. డీఎన్‌ఏ పరీక్షలూ అదే చెప్పాయి. 2009 నాటికి పేటెంట్ కొట్టేశారు. పదేళ్లు పట్టింది. సేకరించిన తేదీ, చోటు రాసి పెట్టిన కాగితం విలువ ఎంతో ఈ కేసు చెబుతుంది.

విత్తన చట్టాల్లో ఇంకో ముడి ఉంది. చాలా దేశాల్లో ఒక రకాన్ని విత్తనంగా అమ్మాలంటే అది ప్రత్యేకంగా, అంతా ఒక్కలా, ఏటా మారకుండా ఉండాలి. నాటు రకం బలమే ఒక్కలా లేకపోవడం! ఈ షరతు పెట్టాక అది చట్టబద్ధమైన మార్కెట్‌లోకి రావడం కష్టం. యూరోపియన్ యూనియన్ 2008లో సంరక్షణ రకాలకు కొంత మినహాయింపు ఇచ్చింది. సేంద్రియ సాగులో ఒక్కలా లేని విత్తనాన్ని అమ్ముకోవడానికి 2022 నుంచి వీలు కల్పించింది. మన దేశం 2001లో చేసిన చట్టం, రైతు తన విత్తనం దాచుకోవడానికీ, ఇచ్చిపుచ్చుకోవడానికీ, బ్రాండు లేకుండా అమ్ముకోవడానికీ హక్కు ఇచ్చింది. రైతుల రకాలను వాళ్ల పేరుతోనే నమోదు చేసుకునే దారి కూడా అందులో ఉంది. మిగతా లోపాలు ఎన్నున్నా, ఈ విషయంలో ఆ చట్టాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను.

రాకపోకలు

పెరూలో కుస్కో దగ్గర పీసాక్ కొండల మీద కెచువా ఆదివాసీ సముదాయాలు తమ భూములను కలిపి బంగాళాదుంప పార్కుగా ఏర్పాటు చేసుకున్నాయి. 2004లో లీమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రంతో ఒప్పందం చేసుకున్నాయి. ఒకప్పుడు తమ ప్రాంతం నుంచి వెళ్లిన రకాల్లో 400కు పైగా, వైరస్ లేకుండా శుభ్రం చేసి, తిరిగి ఇచ్చేలా. దుంపతో నాటే పంటలో వైరస్‌లు ఏటేటా పోగుపడి దిగుబడి తగ్గిపోతుంది, దాన్ని శుభ్రం చేయడం ల్యాబ్‌కే సాధ్యం. వాటిని కొండల మీద వేర్వేరు ఎత్తుల్లో పెంచి ఏది ఎక్కడ నిలుస్తుందో చూడటం రైతులకే సాధ్యం. 2015లో వాళ్లే తమ విత్తనం స్వాల్‌బార్డ్‌కు పంపారు.

ఇథియోపియా ఈ దారిలో ముందే నడిచింది. 1980ల కరువులో రైతులు విత్తనాల గింజలు కూడా తినేయాల్సి వచ్చినప్పుడు, మెలాకు వొరెడె నడిపిన జాతీయ జీన్ బ్యాంకు ఊరూరా తిరిగి మిగిలినవి సేకరించింది. వాటిని ఫ్రీజర్‌కే పరిమితం చేయకుండా మళ్లీ పొలాల్లోకి పంపి, ఊళ్లలోనే రైతుల విత్తన బ్యాంకులు పెట్టించారు. 1989లో ఆయనకు రైట్ లైవ్‌లీహుడ్ అవార్డు వచ్చింది.

తర్వాతి తరం పరిశోధకులు అదే జీన్ బ్యాంకు నుంచి సుమారు 400 దురుం గోధుమ నమూనాలు బయటికి తీశారు. ఎక్కువ భాగం నాటు రకాలే. కొండ ప్రాంతాల్లో రెండు చోట్ల వాటిని చిన్న చిన్న మడుల్లో వేసి, చుట్టుపక్కల రైతులను, ఆడవాళ్లను మగవాళ్లను సమానంగా, పొలంలోకి పిలిచారు. ప్రతి మడి దగ్గర ఆగి కంకి ఎలా ఉంది, పూత ఎప్పుడొచ్చింది, పిలకలు ఎన్ని, మొత్తానికి మీకు నచ్చిందా అని అడిగి మార్కులు వేయించారు. ఆ మార్కులను డీఎన్‌ఏ సమాచారం పక్కన పెట్టి చూస్తే, రైతులకు నచ్చిన లక్షణాలు జన్యువుల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో కొంతవరకు గుర్తించగలిగారు. కొన్ని నాటు రకాలు అప్పటికే విడుదలైన మెరుగుపరిచిన రకాల కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాయి. దశాబ్దాలుగా ప్యాకెట్లలో ఉండిపోయిన రకాలు అలా మళ్లీ రైతుల చేతికి వచ్చాయి, ఈసారి ఏ రకం ఎందుకు నచ్చిందో రాసిన కాగితంతో సహా.